బీరువా దాకా నలభై ఏడు సెకన్లు

తుపాకి కొనాలన్న ఆలోచన నాకు నలభై ఎనిమిదో ఏట వచ్చింది. అప్పటికి నేను ఖతర్‌కు వచ్చి పదహారేళ్లు నిండాయి. మెసయీద్‌లో మా కంపెనీకి ఇనుప చువ్వల యార్డు ఉంది. వచ్చిన చువ్వలను లెక్క చూసుకుని దింపించుకోవడం నా పని. నేను చదివింది ఎనిమిదో తరగతి. చువ్వ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, నూట అరవై రెండుతో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో తెలుస్తుందని ఒక పాత ఫోర్‌మన్ చెప్తే నేర్చుకున్నాను. ఆ ఒక్క లెక్కే నన్ను ఎండలోంచి రేకుల షెడ్డు నీడలోకి తెచ్చింది. అప్పటినుంచి ఏ సంగతి ఎదురైనా ముందు కొలిచి చూడటం అలవాటైంది.

మా ఊరు జగిత్యాల వైపు. ఊరి చివర కొత్త రోడ్డు మీద ఇల్లు కట్టాను. మాకూ పక్కింటికీ మధ్య మూడు ప్లాట్లు ఖాళీగా ఉన్నాయి. బిడ్డ కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి చదువుతోంది. ఇంట్లో నా భార్య ఒక్కతే ఉంటుంది.

ఒకరోజు పొద్దున పదకొండింటికి ఆమె గిర్ని దగ్గర పిండి పట్టించుకుని ఇంటికొచ్చింది. గేటు గడియ తీసి ఉంది. తానే మరిచానేమో అనుకుని లోపలికి నడిచింది. హాల్లో ఎవరో మనిషి నిలబడి మా గ్లాసుతో నీళ్లు తాగుతున్నాడు. ఆమెను చూసి తొందరపడలేదు. మిగిలిన నీళ్లు తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, "ఏం లేదమ్మా, పోతున్న" అని ఆమె పక్కనుంచే బయటికి వెళ్లిపోయాడు. వంటింటి వెనక తలుపు గొళ్లెం ఊడదీసి ఉంది. ఏమీ పోలేదు. ఠాణాలో ఏం పోయిందని అడిగితే ఏం లేదనే చెప్పాల్సి వచ్చింది.

"ఏం కాలె తియ్" అని నాతో చెప్పింది. కానీ అంతకు ముందు వారానికి రెండుసార్లు ఫోన్ చేసే మనిషి ఆ తర్వాత రోజూ సాయంత్రం నాలుగింటికి చేయడం మొదలుపెట్టింది. మాకూ ఊరికీ రెండున్నర గంటలు తేడా. అంటే నాకు ఒంటిగంటన్నర, అన్నం తినే వేళ. ఫోన్ చేసి ఏమీ మాట్లాడేది కాదు. ఫోన్ పక్కన పెట్టుకుని గిన్నెలు తోమేది, ఉల్లిగడ్డ కోసేది. నలభై నిమిషాలు, ఒక్కోసారి గంట. అంతసేపట్లో ఐదారు మాటలు. ఫోన్ పెట్టేయనా అంటే, "జర ఆగు, పప్పు దించినంక పెడ్త" అనేది. పప్పు దించిన చప్పుడు వినిపించాక కూడా పెట్టేది కాదు.

ఆమె భయం పోవాలి. నాకు తోచింది తుపాకి.

నేనుండేది బర్వా అల్ బరాహా అనే కార్మికుల క్వార్టర్లలో. అక్కడ నా రూమ్‌లో ఒక మాజీ సిపాయి ఉన్నాడు. నిర్మల్ వైపు వాడు, నాకంటే నాలుగేళ్లు చిన్న. మిలిటరీ నుంచి దిగాక ఇక్కడికొచ్చి, దోహాలో అల్ హిలాల్ వైపు విల్లాల గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ చేస్తున్నాడు. ఊళ్లో అతనికి లైసెన్సు తుపాకి ఉందని అందరికీ తెలుసు. అడవి పందులు మక్క చేను తొక్కుతున్నాయని తీసుకున్నాడు. శుక్రవారం కోడికూర వండుకునేటప్పుడు మెల్లగా కదిపాను.

"నాకో తుపాకి గావాలె తమ్మీ. ఇంటికి. ఏది మంచిదో చెప్పు."

అతను గరిటె ఆపి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నీకెందుకే అన్నా తుపాకి? నీ యార్డుల పదహారెమ్మెమ్ చువ్వ లేదా? ఒకటి తుంచి పార్సల్ జెయ్, సరిపోతది."

"నవ్వులాట గాదు."

సంగతంతా విన్నాక నవ్వు మానేశాడు. కూర సంగతి మరిచి చెప్పడం మొదలుపెట్టాడు. "చేన్లకైతె ఒక లెక్క, ఇంట్లకైతె ఒక లెక్క. ఇంట్లకు డబుల్ బ్యారెల్ తీస్కో. చూస్తెనే సగం మంది ఉరుకుతరు. రివాల్వర్ చిన్నగుంటది, సంచిల పడ్తది, మంచిగనే ఉంటది. గని చెయ్యి అలవాటు లేనోనికి అది ఇస్తె గురి తప్పుతది. గోడకు తగుల్తది. గోడ అవుతల ఎవడుంటడో ఎర్కనా?"

"పక్కిల్లు నూట పది అడుగులు."

"కొలిచినవా?"

"కొలిచిన."

"యా అల్లా" అన్నాడు పక్క మంచం మీది నేపాలీకి వినపడేటట్టు. "ఈ మనిషికి తుపాకి గాదు, టేప్ ఇయ్యాలె."

ఆ వారం పాత డెలివరీ నోటు పుస్తకం వెనక పేజీలో గీతలు గీశాను. ఒక వైపు డబుల్ బ్యారెల్, ఒక వైపు రివాల్వర్. బరువు: ఒకటి మూడు కిలోల దాకా, ఇంకోటి ముప్పావు కిలో. పొడవు. ఒకసారి నింపితే ఎన్ని తూటాలు. నేర్చుకోవడానికి పట్టే రోజులు. సిపాయి చెప్పినవి రాసుకుని, చెప్పనివి ఫోన్‌లో వెతికి రాసుకున్నాను. సీసపు గుండు ఎంత దూరం పోతుందో చదివి మా హాలు పొడవు పక్కన వేశాను. హాలు పద్దెనిమిది అడుగులు. బస్సులో వెళ్తూ వస్తూ ఆ పేజీ చూసుకునేవాణ్ణి. అలసట ఉన్నా ఆ లెక్క దగ్గరికి వచ్చేసరికి కొంచెం తేలిగ్గా ఉండేది. నేను ఇంటికి ఏదో చేస్తున్నాననిపించేది.

మూడో శుక్రవారం చివరి గడి నింపడానికి అడిగాను. "నీ తుపాకి ఇప్పుడు ఇంట్ల ఎక్కడ పెట్టినరు తమ్మీ? బీరువాలనా, సందుగులనా?"

"ఇంట్లెందుకుంటది?" అన్నాడు. "లైసెన్సు నా పేర్న ఉంది. నేనీడున్న. తుపాకులమ్మే దుకాణంల జమ జేసి వచ్చిన. ఇంట్ల ఇడిసిపెట్టి వస్తె మా ఆమె జైలుకు, నేను జైలుకు. ఎలచ్చన్లప్పుడు ఊళ్లె ఉన్నా సుత ఠాణాల వెట్టి రావాలె."

"మూడు వారాలసంది చెప్తున్నవ్, ఈ ముచ్చట చెప్పకపోతివి?"

"నువ్వు ఏ తుపాకి మంచిదని అడిగినవ్. అది చెప్పిన."

నేను ఊళ్లో ఉండేది రెండేళ్లకోసారి రెండు నెలలు. ఆ రెండు నెలల్లోనే నా తుపాకి ఇంట్లో ఉండగలదు. మిగతా ఇరవై రెండు నెలలు దుకాణంలో ఉంటుంది. పేజీ మూసేయాల్సింది అప్పుడే. నేను మూయలేదు. పైన నా పేరు కొట్టేసి ఆమె పేరు రాశాను. లైసెన్సు ఆమె పేర్న అడుగుదాం, పోలీసులు విచారణకు వస్తే ఆమె జవాబు చెప్తుంది, పేల్చడం కూడా ఆమే నేర్చుకుంటుంది అనుకున్నాను. ఆమెను అడగలేదు. ముందు ఇంట్లో అది ఎంతసేపట్లో చేతికి వస్తుందో తెలియాలి కదా అనుకున్నాను.

మరుసటి శుక్రవారం వీడియో కాల్ చేసి ఏం చేయాలో చెప్పాను. డబుల్ బ్యారెల్‌కు బదులు రోకలి. దాన్ని పడకగది బీరువాలో పెట్టి తాళం వేయాలి. తూటాలకు బదులు టార్చిలైటు సెల్లులు రెండు. వాటిని వేరేగా, అటక మీది సూట్‌కేసులో పెట్టాలి. తుపాకి, తూటాలు ఒకే చోట ఉండకూడదని సిపాయి చెప్పాడు. బీరువా తాళంచెవి వంటింట్లో బియ్యం డబ్బా అడుగున. మంచం మీద పడుకుని, నేను "ఊఁ" అనగానే లేచి అన్నీ తెచ్చుకుని హాలు గుమ్మం దగ్గర నిలబడాలి.

"నీకు ఎండ తగిలిందా?" అంది.

"ఒక్కసారి జెయ్యి."

చేసింది. మొదటిసారి యాభై ఎనిమిది సెకన్లు. సూట్‌కేసుకు స్టూలు ఎక్కాల్సి వచ్చింది. రెండోసారి యాభై ఒకటి. మూడోసారి నలభై ఏడు. ఫోన్ కిటికీలో నిలబెట్టింది కాబట్టి ఆమె ఒక వైపు నుంచి ఇంకో వైపుకు పోవడం మాత్రం కనిపించేది. చివరిసారి ఒక చేతిలో రోకలి, ఇంకో చేతిలో సెల్లులు, తాళంచెవి పళ్ల మధ్య పట్టుకుని వచ్చి నిలబడింది. తాళంచెవి తీసి, "ఇట్ల నన్ను జూస్తె దొంగ గాదు, ఊరోళ్లే ఉరుకుతరు" అంది. ఇద్దరం నవ్వాం. ఆ నెలలో మేం నవ్వింది అప్పుడే.

"మంచిగైంది" అన్నాను. "ఇంకో నాలుగుసార్లు జేస్తె నలభైకి దిగుతది."

ఆమె మంచం మీద కూర్చుంది. రోకలి ఒళ్లో అడ్డంగా ఉంది. ఊపిరి తీసుకున్నాక అడిగింది.

"నువ్వు మంచం కాడ్నుంచి ఎందుకు లెక్కవెడ్తున్నవ్?"

"పండుకున్నప్పుడు వస్తె..."

"వచ్చినోడు నేను పండుకున్నప్పుడు రాలె. నేను గిర్నికాడికెల్లి వస్తున్న. ఆడు లోపలున్నడు, నేను దర్వాజల ఉన్న, నెత్తి మీద పిండి డబ్బ. ఆనాడు నీ తుపాకి ఈ బీరువాల ఉండుంటె, అది ఎవని చేతికి వస్తుండె?"

సెకన్లు రాసుకుంటున్న పెన్ను పక్కన పెట్టాను.

"గొళ్లెమే ఊడవీకినోడు బీరువ ఊడవీకడా? ఆనాడు ఆని చేతిల గిలాస ఉండె. అందుకే నేను బతికి ఉన్న."

యార్డులో ఒకసారి ఒక కుర్ర ఇంజనీరు టేపు రెండో చివరనుంచి చదివి లారీ వెనక్కి పంపించాడు. అంకెలన్నీ సరిగ్గానే రాశాడు. అతన్ని నేను చాలా రోజులు ఎగతాళి చేశాను. ఆమె ఆ మాట అన్నప్పుడు అతని ముఖం గుర్తుకొచ్చింది. నెల రోజులు బరువులు, పొడవులు, అడుగులు రాసుకున్నాను. ఆమె ఎక్కడ నిలబడి ఉన్నదన్నది మాత్రం రాసుకోలేదు.

"మరేం జేద్దమంటవ్?" అన్నాను చివరికి.

"రెండేండ్లసంది చెప్తనే ఉన్న. ముందటి రెండు రూములు కిరాయికియ్యి. దవాఖాన్ల నర్సమ్మ, ఆమె తల్లి అడుగుతున్నరు."

ఆ మాట నాకు కొత్త కాదు. అడిగినప్పుడల్లా మనకు కిరాయి పైసలు తక్కువయ్యాయా అని కొట్టేసేవాణ్ణి. ఆ రెండు గదులూ నేను తిరిగొచ్చాక కూర్చోవడానికి కట్టుకున్నవి. సోఫాకు వేసిన ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. పదహారేళ్లు దుబాయ్‌లో ఉండి చివరికి రూములు కిరాయికిచ్చిండని ఊళ్లో అంటారన్నది నా బాధ. ఊళ్లో వాళ్లకు ఖతర్ కూడా దుబాయే.

"పైసల కోసం గాదయ్యా" అంది. "ఇంట్ల ఇంకో మనిషి దగ్గు ఇనవడాలె. గంతే. నాకు తుపాకి వద్దు. నేనెవలనన్న కాలుస్తనా? కాల్చినా, మల్ల ఆ ఇంట్ల ఎట్ల పండుకుంట?"

సరే అనడానికి నాకు ఇంకో వారం పట్టింది. ఆ వారమంతా ఆమె రోజూ నాలుగింటికి ఫోన్ చేసింది, ఆ సంగతి ఎత్తలేదు. ఒకరోజు అరగంట సేపు ఫోన్‌లో చెంచా చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. అన్నం ముందు పెట్టుకుని అది వింటూ కూర్చున్నాను. "ఇచ్చెయ్" అన్నాను. ఆమె చెంచా ఆపింది. "సోఫ ఎక్కడ పెట్టాలె?" అని అడిగింది. "యాడనన్న పెట్టు" అన్నాను. ఆ మాట అన్నాక ఒళ్లంతా బరువు దిగినట్టు కాదు, ఇంకా పెరిగినట్టే అనిపించింది. ఆ మధ్యాహ్నం రెండు లారీల చువ్వలు రెండోసారి ఎంచాల్సి వచ్చింది.

సిపాయికి చెప్పాను. "తుపాకి అడిగి ముసలమ్మను తెచ్చుకున్నవా?" అని రూమంతా నవ్వించాడు. తర్వాత అందరూ డ్యూటీలకు పోయాక, "మంచి పని జేసినవన్నా" అని మెల్లగా అన్నాడు. నేను డెలివరీ నోటు పేజీ చించి అతనికి చూపించాను. అంకెలన్నీ చదివి, ఒక చోట తూటా బరువు తప్పు వేశానని దిద్దాడు.

నర్సు, ఆమె తల్లి వచ్చి దిగారు. నాలుగింటి ఫోన్లు మొదట రోజు మార్చి రోజు అయ్యాయి. తర్వాత వారానికి రెండుకు వచ్చాయి. ఒంటిగంటన్నరకు అన్నం తింటూ ఫోన్ వైపు చూసేవాణ్ణి. మోగేది కాదు. ఆ సంగతి సంతోషించదగినదేనని నాకు తెలుసు.

ఒక మంగళవారం నేనే చేశాను. నా భార్య ఫోన్ ఇంట్లో చార్జింగుకు పెట్టి బయటికి పోయినట్టుంది. ఎత్తింది నర్సు తల్లి. ఆమెకు చదువు రాదు, ఫోన్ మీద ఎవరి పేరు కనిపిస్తుందో తెలియదు.

"ఎవలు?" అని అరిచింది.

"నేనమ్మా, ఇంటాయనను."

"ఏ ఇంటాయన?"

"ఈ ఇల్లు... ఖతర్ నుంచి."

"ఖతరేంది? ఈమె మొగడు దుబాయిల ఉన్నడు. నీకేం పనుంది ఆడమనిషి ఫోన్ల? మల్ల జేస్తివంటె మా బిడ్డకు చెప్త, పోలీసోళ్లను పిలుస్తది."

పెట్టేసింది. మరునాడు నా భార్య ఫోన్ చేసింది, అటు నవ్వాపుకోలేక మాట సరిగ్గా రావడం లేదు. "నిన్న ఎవడో మొగోడు చేసిండట. నేనే ఇంటాయన్ను అన్నడట. గట్టిగ అడిగితె నసిగిండట. అవ్వ నాకు జాగ్రత్తలు చెప్పుడు ఇంక అయిపోతలేదు."

నా నంబరు ఒకసారి ఆ ముసలమ్మకు చూపించి పెట్టమన్నాను. చూపిస్తానంది, కానీ చదువు రాని మనిషి ఏం గుర్తు పెట్టుకుంటుందంది. వెనక ఎవరో దగ్గారు. పప్పు మాడుతోందని చెప్పి, ఈసారి ఆమే ముందు పెట్టేసింది.