తిట్టి వడ్డించేవాడు

గల్ఫ్‌లోని అమ్ఘరా తుక్కు యార్డులో మాతో పనిచేస్తూ మా గదిలోనే ఉండే బీహారీ వెల్డరు, శుక్రవారాలు అందరికీ తనే వండి, వడ్డిస్తూ తిట్టేవాడు. తువ్వాలు ముసుగేసుకుని, గరిటె ఊపుతూ, ఆడగొంతుతో పాడి మరీ తిట్టేవాడు. మొదటిసారి మా అక్కచెల్లెళ్లని పాటలోకి లాగితే నేను కంచం వదిలి లేచిపోయాను.

“కూర్చో బావా,” అన్నాడు హిందీలో. “మా ఊళ్లో పెళ్లి భోజనాల్లో ఆడాళ్లు మగపెళ్లివారిని ఇలాగే తిడతారు. తిట్టకపోతే వాళ్లు అలిగి విస్తరి ముట్టరు. ఇక్కడ ఆడాళ్లు లేరు కదా, నేనే దిక్కు.”

ఒకసారి మా ఫోర్‌మ్యాన్ భోజనానికొచ్చాడు. వెల్డరు ముసుగు తీసేసి, “సార్, ఇంకొంచెం పప్పు,” అంటూ మహా వినయంగా వడ్డించాడు.

“చూశారా, నేనంటే ఎంత గౌరవమో,” అన్నాడు ఫోర్‌మ్యాన్.

నవ్వాపుకోలేక మాకు పొలమారింది.

నేను ఇఖామా పర్మిట్ ఖలాస్ చేయించుకుని, ఇక తిరిగిరాకుండా ఇంటికి బయల్దేరే రోజున నాకూ అలాగే, పాట లేకుండా వడ్డించాడు. నేను కంచం ముట్టలేదు.

“నేనూ ఫోర్‌మ్యాన్‌నైపోయానా?” అన్నాను.

అతను ఫోను కలిపి, స్పీకరు పెట్టి, నా కంచం పక్కనుంచాడు. అవతల వాళ్లావిడ, వాళ్లమ్మ, ఇరుగుపొరుగు ఆడాళ్లంతా డోలక్ కొడుతూ ఒక్కసారి అందుకున్నారు. చరణానికోసారి నా పేరొచ్చింది. తర్వాత మా అక్క పేరొచ్చింది. ముందురోజు ఆ పేరెందుకడిగాడో అప్పుడర్థమైంది.

పాటయ్యేలోగా నేను మూడుసార్లు మారు పెట్టించుకున్నాను.