వెనకాల మగ్గం

ఇన్నేళ్లుగా నా నోట్లో ఒక అబద్ధం ఉండిపోయింది. మింగలేకపోయాను, ఉమ్మలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పంతొమ్మిదివందల అరవైల తొలినాళ్లలో నేను కెమెరా భుజాన వేసుకుని హిందూపురం నుంచి పెనుకొండ, ధర్మవరం రైల్లో తిరిగేవాణ్ణి. ఇళ్లకు పోయి ఫోటోలు తీయడం, మళ్లీ వచ్చినప్పుడు ఇవ్వడం. బాగా కుదిరినవాటిని పెద్దవి చేసి, గోడకు తగిలించుకునేందుకు బట్టల అంగళ్లకు అమ్మేవాణ్ణి. ఫోటోలో ఉన్నవాళ్లను అడిగేవాణ్ణా? లేదు. అడగాలని తోచలేదని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. తోచింది.

ధర్మవరంలో ఒక నేతగాడి ఇల్లు. అతను బయటికి పోయాడు. భార్యా, ఆమె అత్తా ఉన్నారు. మగ్గం మీంచి అప్పుడే కోసిన ముహూర్తం చీర, హంసల అంచుది. ఎవరి పెళ్లికో, వీళ్లకు పట్టు ఇచ్చి నేయించే షావుకారు ప్రత్యేకంగా గీయించిన అంచు. ఫోటోకని కోడల్ని కట్టుకోమన్నాను.

“అయ్యో, మాది కాదన్నా. నేసేది మేము, కట్టేది వేరేవాళ్లు. పెండ్లికూతురి చీర మడత ఇప్పితే షావుకారు ఊరుకుంటాడా?”

“చిటికెలో అయిపోతాదమ్మా. ఫోటో నీకు తప్ప ఎవురికీ ఇయ్యను.”

అత్త నవ్వింది. “కట్టుకోవే. నీ పెండ్లికి నూలు చీరే గదా.”

ఆమె మగ్గం ముందు నిలబడింది. కొంగు జారకుండా అత్త పక్కనుంచి పట్టుకుంది.

ఆ ఫోటోను హిందూపురంలో ఒక అంగడికి అమ్మాను. అమ్మే ముందు కుంచెతో మగ్గాన్నీ, అత్త చేతినీ చెరిపేసి, వెనకాల పూలతోట గీశాను. స్టూడియోలో తీసినట్టుంటే అంగడివాళ్లకు ఇష్టం.

మళ్లీ పోయినప్పుడు ఆమెకు ఇవ్వాల్సిన కాపీ నా సంచిలో ఉంది. గడపలోనే కాళ్లు ఆగిపోయాయి. షావుకారు చేతిలో నా పూలతోట! పెళ్లివారు అంగట్లో ఆ హంసల అంచు గుర్తుపట్టి, కట్టి విప్పిన చీర మాకొద్దని తిప్పి పంపారట. భర్త ఆమెను నిలదీస్తున్నాడు.

“హిందూపురం స్టూడియోకు ఎవునితో పోయినావే?”

“యాడికీ పోలేదు. ఈ అన్నే తీసినాడు, ఈడనే. చెప్పన్నా!”

అత్త నేల చూస్తోంది. షావుకారు నా వైపు తిరిగాడు. “ఏమప్పా, నువ్వేనా తీసిండేది?”

సంచిలోని కాపీలో తోట లేదు. మగ్గం ఉంది, అత్త చేయి ఉంది. బయటికి తీస్తే చాలు. చీర వెల నా నెత్తిన పడుతుందని భయమా? ఊళ్లో మళ్లీ ఎవరూ గడప తొక్కనివ్వరనా? ఆలోచించానని కూడా చెప్పలేను.

“ఈయమ్మను నేనెప్పుడూ చూసిండ్లేదు.”

అది నా గొంతేనా? అదిరిపడ్డాను. అంత తేలిగ్గా, అంత మర్యాదగా ఎలా వచ్చింది ఆ మాట? ఆమె ఏడవలేదు. నా సంచి వైపే చూస్తూ ఉండిపోయింది.

షావుకారు వాళ్లకు పట్టు ఇవ్వడం మానేశాడని, ఆమెను పుట్టింటికి తోలేశారని తర్వాత విన్నాను. పుట్టిల్లు తాడిమర్రి పక్కనే. దూరం కాదు. నేను పోలేదు.

కాపీ నా దగ్గరే ఉంది. అందులో ఆమె ఇంకా నన్ను నమ్మే చూస్తోంది. క్షమించమని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఆ రోజు గడపలో అనాల్సిన మాట మాత్రం ఇప్పుడంటున్నాను.

నేనే తీసినాను షావుకారూ. ఈడనే తీసినాను. చూడండి, వెనకాల మగ్గం ఉండాది.