మునెమ్మక్క పెట్టని వేలిముద్ర

బతికే ఉన్నానని పెన్షనువాళ్లకు చూపించుకోవడానికి మొన్న తిరుపతిలో బ్యాంకుకు వెళ్లాను. బొటనవేలికి గాజు పలక చల్లగా తగిలింది. మూడుసార్లు ఒత్తినా యంత్రం నన్ను ఒప్పుకోలేదు. వెనకవాళ్లు నవ్వారు. నాకు మాత్రం పలమనేరు దగ్గరి మునెమ్మక్క గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

ఉద్యోగంలో ఉన్నప్పుడు యూనివర్సిటీలో నా పని పల్లెల్లో పాత విత్తనాలు సేకరించడం. వానలు ముఖం చాటేసినా పండే నల్ల రాగిని మూడు కొండలెక్కి, ఎలుగుబంటిని తప్పించుకుని తెచ్చానని ఎన్నో సభల్లో చెప్పాను. కొండా లేదు, ఎలుగూ లేదు. బస్సు దిగి పావుగంట నడిస్తే మునెమ్మక్క ఇల్లు. అత్తగారి నాటి విత్తనమని చెప్పి, కుండలోంచి దోసెడు తీసి ఇచ్చింది. సంగటి కూడా పెట్టింది. విత్తనం తీసుకుంటే రైతు సమ్మతి పత్రం తేవాలి. ఎందుకు తీసుకుంటున్నామో, ఎవరెవరికి ఇస్తామో చదివి వినిపించి, ఒప్పుకుంటేనే సంతకం చేయించాలి. బస్సు పోతుందని నేను ఆ కాగితమే బయటికి తీయలేదు. ఆఫీసుకొచ్చాక స్టాంపు ప్యాడు మీద నా వేలే అద్ది ఆమె పేరు పక్కన ఒత్తాను. పల్లెటూరి ఆడమనిషి, వేలిముద్రే కదా అనుకున్నాను.

కొన్నాళ్లకు ఆ రాగి కావాలని పై రాష్ట్రం ల్యాబు అడిగింది. ఇచ్చిన రైతును మళ్లీ అడగనిదే గింజ కదలదని సమ్మతి పత్రాలు చూసే మా కమిటీ మేడమ్ పట్టుబట్టి మునెమ్మక్కను పిలిపించారు. అక్క వచ్చి కూర్చుని, సంచిలోంచి కళ్లజోడు తీసి పెట్టుకుంది. పత్రమంతా పెదాలు కదుపుతూ చదివి, చివర ఆగింది.

“నేను సంతకం చేస్తాను కదమ్మా. ఈ వేలు ఎవురిది?”

నాదేనన్నాను.

“అడిగింటే ఇయ్యనని అనుకుంటివా అప్పా?”

“లేదక్కా. ఇస్తావనే అనుకున్నాను.”

“అందుకేనా అడగలేదు?”

మేడమ్ ఆ పత్రం కొట్టేసి, నాకు మెమో ఇచ్చి, కొత్త కాగితంతో వాళ్లింటికే వెళ్లి అడగమన్నారు. వెళ్లాను. వాకిట్లో కూర్చుని ఒక్కో వాక్యం చదివాను. అంతా విని, యోచన చేసి చెప్తాను పోయిరమ్మంది. మూడు ఆదివారాలు తిరిగాను. మూడోసారి సంతకం చేసింది: మా దగ్గర ఉంచుకోవచ్చు, పై రాష్ట్రానికి మాత్రం పోకూడదు. ఎందుకని అడిగే ముఖం నాకు లేదు. మేడమ్ ఆ జవాబే ల్యాబుకు రాశారు.

ఇప్పుడు పక్కింట్లో పేపరు కావాలన్నా అడిగి, వాళ్ల నోట మాట వచ్చేదాకా గుమ్మం బయటే నిలబడతాను. ఇస్తారని ముందే తెలిసినచోట మరీను.