మర్లి వచ్చే నీళ్లు

పాంబన్ జలసంధి మీద వంతెన పనికి పోయి వచ్చిన అబ్రహాం, అలంపూర్ దగ్గర తుంగభద్రలో దిగితే ముందు దోసెడు నీళ్లు తాగుతాడు. తాత నేర్పిన అలవాటు. అక్కడా అట్లాగే ఉప్పునీళ్లు మింగి తోటి కూలీలను నవ్వించాడు. తాగాక మోకాలిలోతులో నిలబడి, కళ్లు అరమూసి, గట్టున కూర్చున్న భార్య ఎస్తేరుకు చెబుతుంటాడు: "రెండు సముద్రాల నడుమ సన్నటి సందు. అడుగున గడ్డి, దాన్ని మేసే సముద్రపు ఆవులు. వానకాలం నీళ్లు ఉత్తరానికి పోతయి, చలికాలం మర్లి దక్షిణానికొస్తయి." చెబుతుంటే అతని అరచెయ్యి ఏటివాలుకు ఎదురు ఈదుతుంటుంది.

ఈ సాయంత్రం అతను దోసిలి పట్టగానే ఎస్తేరు, ఒడిలో పిల్ల తల నిమురుతూ అంది: "గంత సముద్రమే మర్లి వస్తది గద. ఇది పుట్టిన్నాడు నువ్వెందుకు మర్లి రాలే?"

దోసిట్లోకి ఎత్తిన నీళ్లు అబ్రహాం నోటిదాకా రాలేదు.