పైన్ మొక్కలకు బ్లాంకెట్

ఉదయం ఆరూ పదికి మా నర్సరీకి టీ వచ్చింది. ఆ టీ చల్లారేలోపు నేను చేసిన పనికి కోల్డ్ రూమ్‌లోని మొక్కలన్నీ పోయాయి. పశ్చాత్తాపం కోసం చదివేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. అది నా దగ్గర లేదు.

బహ్రెయిన్‌లో పైన్ చెట్లేమిటని మీరడుగుతారు. నేనూ అడిగాను. జుఫైర్‌లో ఒక హోటల్ ముందు పైన్ చెట్ల వరస పెంచుతానని మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, ఒప్పుకున్నాడు. మంచుదేశం నుంచి జానెడు మొక్కలు అట్టపెట్టెల్లో వచ్చాయి. నాటేదాకా వాటిని చీకట్లో, నీళ్లు గడ్డకట్టడానికి కాస్త ఇవతలి చలిలో ఉంచాలి. ఆ చలిలో అవి నిద్రపోతాయి. కాపలా నాది. అవి భూమిలో పడేదాకా నాకు సెలవు లేదన్నాడు కఫీల్. నేను సెలవు అడిగింది మా అమ్మ సంవత్సరీకానికి.

ఆ ఉదయం పెట్టె మూత తీస్తే మొక్కలు పాఠం రాని పిల్లల్లా ముడుచుకుని ఉన్నాయి. నా దగ్గర కొత్త బ్లాంకెట్ ఒకటి ఉంది. గల్ఫ్ నుంచి ఇంటికి పోయే ప్రతివాడూ మోసుకెళ్లే రకం, నలుగురు పడుకున్నా ఇంకా మిగిలేది. అమ్మకని కొన్నాను. కప్పుకోవాల్సిన మనిషి పోయింది. తెచ్చి పెట్టెల మీద కప్పి, అంచులు కిందికి దోపాను.

మా ఫోర్‌మన్ సత్తిబాబుది కాకినాడ వైపు. జుఫైర్‌లో గుంతలు తవ్వించి రెండు వారాలకు తిరిగొచ్చి, గది తలుపు తీసి కేకపెట్టాడు.

"ఒరే నర్సయ్యా! ఎవడ్రా వీటికి దుప్పటి కప్పింది?"

"నేనే అన్నా. సలికి సచ్చిపోతయని."

"చలిలో పుట్టిన మొక్కలురా అయ్యి! చేప తడిసిపోద్దని గొడుగు పట్టేలా ఉన్నావు!"

"సస్తే మరి చిగుళ్లెట్ల వచ్చినయ్?"

"అదే కదరా కొంప ముంచింది! గాలాడక, వాటి వేడి వాటికే తగిలి, ఎండాకాలం వచ్చేసిందనుకుని లేచిపోయాయి."

దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపమన్నారు పెద్దలు. నా దుప్పటి పెద్దది. మొక్కలు కాళ్లు చాపేశాయి. చిగుళ్లు సేమియాలా పాలిపోయి వేలాడుతున్నాయి. చిగురు రానివాటికి బూజు పట్టింది.

కఫీల్ వచ్చి హిందీలో అడిగాడు: "కప్పమని నీకెవరు చెప్పారు?"

నేనూ హిందీలోనే అన్నాను: "చలి పెట్టేవాళ్లకు కప్పడానికి ఒకరు చెప్పాలా? అయినా మీ హోటల్ ముందు జూన్ ఎండకు ఇవి బతికేవా?"

సత్తిబాబు నా కాలు తొక్కాడు. నేను మాట వెనక్కి తీసుకోలేదు.

కఫీల్ పెట్టెలన్నీ తిరగేశాడు. "నాటడానికి ఒక్కటైనా మిగిలిందా?"

"లేదు."

"మరి ఇక్కడ నీకు పనేముంది? ఖలాస్. యల్లా, ఇంటికి పో."

ఉద్యోగం పోయిందనుకుని నిలబడిపోయాను. సత్తిబాబు చెవిలో అన్నాడు: "సెలవురా సన్నాసీ! ఆయన మనసు మారకముందే కదులు!"

అమ్మ సంవత్సరీకానికి నేను ఇంట్లో ఉన్నాను.

కనుక ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: సెలవు అవసరం లేనప్పుడు ఏ పైన్ మొక్కకూ బ్లాంకెట్ కప్పను.

మా నర్సరీ ఇప్పుడు పైన్ మొక్కలు తెప్పించడం లేదు.