ముస్తకీమ్ ఇంటి పొట్టు మిషన్

ఆర్మూర్‌లో వడ్రంగులకు కొదవ లేదు. కానీ ఇంట్లో పొట్టు మిషన్ పెట్టుకున్న వడ్రంగి తన మొగుడొక్కడేనని షహర్బానో చుట్టాలందరికీ చెప్పుకునేది. నిజమో కాదో ఎవరూ ఊరంతా తిరిగి చూడలేదు. ముస్తకీమ్ కూడా కాదనేవాడు కాదు. పెళ్లాం పొగుడుతుంటే అడ్డం పడే మగవాణ్ణి నేనైతే ఇంతవరకూ చూడలేదు.

ఆ మిషన్ కథ షార్జాలో మొదలైంది. అక్కడి ఫర్నిచర్ ఫ్యాక్టరీలో ప్రతి కట్టర్ పక్కనా ఒక గొట్టం నోరు తెరుచుకుని ఉండేది. చెక్క కోస్తుంటే లేచిన పొట్టును లేచినట్టే మింగేసేది. సాయంత్రానికి బట్టలు దులుపుకునే పని కూడా ఉండేది కాదు. ముస్తకీమ్ తిరిగొచ్చి, వంటింటికి ఆనుకుని రేకుల షెడ్డు వేసుకుని సొంత పని మొదలుపెట్టినప్పుడు ముందుగా చేసుకున్నది ఆ మిషన్‌నే. మూతబడ్డ రైస్‌మిల్లు నుంచి బ్లోయర్ తెచ్చాడు. పాత నీళ్ల డ్రమ్ము, బోరు పైపులు జత చేశాడు. ముతక పొట్టు డ్రమ్ములో పడేది. గాలి పైనున్న గుడ్డసంచిలోంచి బయటికి పోయేది, పిండిలాంటి సన్నదుమ్ము మాత్రం సంచిలోపలే ఆగిపోయేది.

ఆ సంచిని మందపాటి నూలుగుడ్డతో షహర్బానోయే కుట్టింది. స్విచ్చి వేయగానే అది గాలి పోసుకుని నిండుగా లేచి నిలబడేది. చూసి నవ్వుకుని దానికి పహిల్వాన్ అని పేరు పెట్టింది. పహిల్వాన్ ఉన్నన్నాళ్లూ వంటింట్లో గిన్నెల మీద పొట్టు వాలలేదు. డిచ్‌పల్లిలో కాపురముంటున్న కూతురు అఫ్షా వచ్చినప్పుడల్లా, "గిది షెడ్డా, దవాఖాననా అమ్మీ?" అని ఏడిపించేది.

ఈసారి రంజాన్ పండుగ వెళ్లాక మిషన్ గుంజడం తగ్గింది. ముస్తకీమ్ మొదట్లో పట్టించుకోలేదు. పెళ్లిళ్ల రోజులు, బీరువాల పని, మంచాల పని మెడదాకా ఉంది. పైగా సంచి మునుపటికన్నా బిగుసుకుని నిలబడుతోంది. సంచి అలా నిలబడితే గాలి బాగా వస్తున్నట్టే గదా అనుకున్నాడు. గుంజాల్సిన పొట్టు గాలిలోనే తేలుతుంటే మొహానికి దస్తీ కట్టుకున్నాడు. తన మొహానికి కట్టుకున్నాడు గానీ గోడ అవతల రొట్టెలు చేసే మనిషికి మొహం లేదా? ఆ ఆలోచన రాలేదు. ఎందుకు రాలేదని తర్వాత ఆయనే తనను తాను ఎంత తిట్టుకున్నాడో నేను చెప్పలేను.

షహర్బానోకు దగ్గు మొదలైంది. ఊళ్లో ఇంకే కాలంలోనైనా అయితే భయపడేవాళ్లేమో. అప్పుడు మార్కెట్ యార్డు నిండా పసుపు కుప్పలున్నాయి, కల్లాల దగ్గర డ్రమ్ముల్లో పసుపు కొమ్ములు పాలిష్‌కు తిరుగుతున్నాయి, ఊరికి ఊరే దగ్గుతోంది. యార్డులో పసుపు ఏరే కూలికి పోయే పక్కింటి లింగవ్వ, "పసుపు దగ్గు గిది. సీజన్ పోతే అదే పోతది. నాకు యాడాదికోపాలి వస్తనే ఉంటది" అంది. ఎవరికీ అనుమానం రాలేదు.

సీజన్ పోయింది. కుప్పలు పోయాయి. లింగవ్వ దగ్గు పోయింది. షహర్బానో దగ్గు మాత్రం పోలేదు. వానలు పడి తలుపులు మూసుకునే రోజులొచ్చేసరికి, నీళ్ల బిందె ఎత్తితే చాలు, గోడ పట్టుకుని నిలబడిపోతోంది. నిజామాబాద్‌లో ఊపిరితిత్తుల డాక్టరు ఫిల్ములు వెలుతురుకు పెట్టి చూశాడు. పోయిన ఊపిరి తిరిగి తేలేనన్నాడు, మిగిలింది కాపాడుకొమ్మన్నాడు. ఆ దుమ్ములో ఇంకొన్నాళ్లుంటే మిగిలింది కూడా మిగలదన్నాడు.

ఇల్లు మార్చే స్తోమత లేదు. ఈ వయసులో వేరే పని రాదు. బోధన్ నుంచి షహర్బానో తమ్ముడు అతీక్ వచ్చాడు. మర్యాదస్తుడు, గొంతు పెంచలేదు. "దుల్హేభాయ్, జర కోపం చెయ్యకు. మిషన్ మంచిగయ్యేదాక ఆపా మా ఇంట్ల ఉంటది. అది మంచిగ కాకపోతే మాత్రం నేను తోలియ్య" అన్నాడు. ముస్తకీమ్ తల ఊపాడు. మొగుణ్ణి ఎప్పుడూ కూతురి పేరుతోనే పిలిచే షహర్బానో గుమ్మం దిగుతూ, "అఫ్షా అబ్బా, అది గుంజుడు మొదలుపెడితే ఫోన్ చెయ్. నేనే వస్త" అంది. అతీక్ ఒప్పుకోకపోయినా వచ్చేలాగే అంది.

అప్పటినుంచి ముస్తకీమ్‌కు మిషన్ తప్ప వేరే లోకం లేదు. పైపు అతుకుల దగ్గర ఊదుబత్తి పెట్టి, పొగ ఎక్కడ లోపలికి పోతుందో చూసి, ఆ సందులన్నీ మూశాడు. డ్రమ్ము మూతకు సైకిల్ ట్యూబు కోసి అతికించాడు. బ్లోయర్ విప్పితే రెక్కలకు గోనె పీచు చుట్టుకుని ఉంది, గీకి తీశాడు. మోటారు విప్పించి చూపించాడు. సంచిని తిరగేసి కర్రతో బాదాడు. ఏం చేసినా అంతే. కోసిన చెక్క దగ్గర పైపు పెడితే పెద్ద తునకలు కదిలేవి, సన్నదుమ్ము నింపాదిగా లేచి వంటింటి వైపు పోయేది. దాన్ని చూస్తే ఆయనకు ఏడుపొచ్చేది. మధ్యాహ్నాలు హోటల్ నుంచి తెచ్చుకున్న అన్నం సగం తిని సగం వదిలేసేవాడు. ఇల్లు ఇల్లులా లేదు.

విసిగి ఒకరోజు సంచి ఊడదీసి పక్కన పడేసి, మిషన్‌ను ఉత్తగా వేశాడు. పైపు నోరు ఆయన చేతిని లటుక్కున పట్టుకుంది. చెయ్యి తీయడానికి బలం పెట్టాల్సి వచ్చింది. మోటారులో లోపం లేదు, పైపులో లేదు. లోపలికొచ్చిన గాలికి బయటికి దారి లేదు, అంతే. ముస్తకీమ్ సంచిని ఒళ్లో పెట్టుకుని, గుడ్డకు నోరు గట్టిగా ఆనించి ఊదాడు. ఊపిరి పోలేదు. బుగ్గలు ఉబ్బాయి, కళ్లల్లో నీళ్లొచ్చాయి, అయినా పోలేదు. పీల్చి చూశాడు. గుడ్డ పెదవులకు అంటుకుంది తప్ప గాలి రాలేదు. దగ్గొచ్చినప్పుడు షహర్బానోకు ఇలాగే ఉంటుందా అనిపించి, సంచిని కింద పెట్టేశాడు.

బొక్కెనలో నీళ్లు పోసి సంచిని ముంచాడు. నలుపుతుంటే వేళ్లకు జిగురు తగిలింది. నీళ్లు తెల్లగా మారాయి. వాసన చూశాడు. గంజి.

ఆయనకప్పుడు పండుగ ముందు పెరట్లో పెట్టిన గంగాళం కళ్లముందుకొచ్చింది. పండుగ నాడు తన ఇంట్లో మెత్తగా వేలాడే బట్ట ఉండకూడదని షహర్బానో పట్టింపు. ఆయన కుర్తాలు, పరదాలు, దుప్పట్లు అన్నిటికీ చిక్కటి గంజి పెట్టింది. పహిల్వాన్‌ను మాత్రం ఈసారి ఎందుకు వదిలేస్తుంది? ఇంటి మనిషిలాంటి వాడాయె. ఉతికి, గంజిలో ముంచి, ఎండలో ఆరేసింది. గుడ్డ నేతలోని సన్న కన్నాలన్నీ మూసుకుపోయాయి, ఆ పైన సన్నదుమ్ము పేరుకుంది, వానల తేమకు రెండూ కలిసి అట్ట కట్టాయి. తిరిగి బిగించింది మాత్రం ముస్తకీమే. చేత్తో పట్టుకుని కూడా చూసుకోలేదు. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు.

వేడినీళ్లలో మళ్లీ మళ్లీ ఉతికి ఆరేశాడు. ఆరాక బిగించి స్విచ్చి వేశాడు. రెండు పిడికిళ్ల సన్నదుమ్ము బల్ల మీద పోసి పైపు దగ్గరికి తెచ్చాడు. దుమ్ము మొత్తం పోయింది, బల్ల తుడిచినట్టయింది. ముస్తకీమ్ సంతోషపడలేదు. మిషన్ ఆపి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ఆమెకు ఏం చెప్పాలి? నీ ఊపిరి నీ చేతులతోనే పోగొట్టుకున్నావని చెప్పాలా? అలా చెప్పే మగవాళ్లు ఉంటారు. ముస్తకీమ్ అలాంటివాడు కాదు.

ఫోన్ చేసి, "పైపుల ఎలుక గూడు పెట్టింది, తీసేసిన. మస్తు గుంజుతుంది ఇప్పుడు" అన్నాడు. అవతల షహర్బానో నవ్వింది. నవ్వు దగ్గులోకి పోయింది. "ఎలుకనా? గింత ఫికర్ ఎలుక కొరకా!" అంది. అతీక్ స్వయంగా వచ్చి మిషన్ వేయించి చూసి, తృప్తిపడి, అక్కను దింపి పోయాడు.

ఆమె వచ్చింది. వంటింట్లో గిన్నెలు శుభ్రంగా ఉన్నాయి. ఊపిరి మాత్రం డాక్టరు చెప్పినట్టే, పోయింది పోయినట్టే ఉంది. మందు పీల్చుకునే డబ్బీ దిండు కిందే ఉంటోంది. అయినా ఆమె దిగులుగా లేదు. తప్పు ఎలుకది కాబట్టి ఎవరినీ తిట్టుకోనక్కర లేదు. ఆ నిశ్చింత చూడలేక ముస్తకీమ్ షెడ్డులోకి పోయేవాడు.

ఒక గురువారం కాస్త ఓపిక వచ్చిందని, పెరట్లో పీట వేసుకుని మర్నాటి జుమా నమాజుకు ఆయన కుర్తా ఉతకడానికి కూర్చుంది. పక్కన గిన్నెలో గంజి వెచ్చగా ఉంది. "అఫ్షా అబ్బా, పహిల్వాన్‌ను గూడ ఇడ్సి తే. పండుగకు గంజి పెట్టిందే, మళ్ల ముట్టలే నేను."

"వద్దు."

"ఎందుకు? ఉట్టిగనే కూసున్న గద."

"నేను ఉతికిన."

ఆమె నవ్వబోయింది. "నువ్వు ఉతుకుడా? మరి గంజి పెట్టినవా?"

ముస్తకీమ్ తల దించుకున్నాడు. షహర్బానో లేచి, గోడ పట్టుకుంటూ షెడ్డులోకి పోయి, సంచిని చేత్తో నలిపి చూసింది. మెత్తగా ఉంది. పైపు వైపు చూసింది, ఆయన వైపు చూసింది.

"ఎలుక గాదు గదా."

ఆయన డ్రమ్ము మూత సర్దసాగాడు.

"నా దగ్గు పండుగ తర్వాతనే షురూ అయింది" అంది నెమ్మదిగా. ఏడవలేదు. ఏడవాలన్నా ఊపిరి కావాలి గదా. పెరట్లోకి వచ్చి గంజి గిన్నె ఎత్తి మోరీలో గుమ్మరించింది. "నా కుర్తాకైన గింత ఉంచరాదా" అన్నాడు ముస్తకీమ్, ఏదో ఒకటి అనాలని. ఆమె గిన్నె కడిగి బోర్లించి లోపలికి పోయింది.

మర్నాడు ముస్తకీమ్ ముడతలు పడ్డ మెత్తటి కుర్తాతోనే నమాజుకు పోయాడు. షహర్బానో ఇంట్లో ఉండగా ఆయన్ను అలా చూసినవాళ్లు లేరు. ఎప్పుడూ పక్కనే నిలబడే షౌకత్ బయటికొచ్చాక చెప్పులు తొడుక్కుంటూ, "ఏం భాయ్, భాభీ ఇంక బోధన్ నుంచి రాలేదా?" అని అడిగాడు.

"వచ్చింది" అన్నాడు ముస్తకీమ్.