మూడు మళ్ల ఉపవాసం

మా ఊరి మీద పరిశోధన చేయని చదువు లేదు. హుజూరాబాద్ నుంచి ఆటోలో పావుగంట దూరం, రోడ్డు బాగుంటుంది, జనం అడిగినదానికీ అడగనిదానికీ కూడా జవాబు చెబుతారు. అందుకని ఎవరికి పట్టా కావాలన్నా మా ఊరికే వస్తారు. బస్టాండులో దిగి, సంచి భుజాన తగిలించుకుని, చేతిలో అట్టతో దిక్కులు చూసే మనిషి కనిపిస్తే చాలు, మిగతా ఆటోవాళ్లు నన్ను కేకేసేవారు: "ఏయ్, నీ సర్వే గిరాకి దిగింది, ఉరుకు!"

నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టాను. లెక్కల సారూ నేనూ ఒకరినొకరం అర్థం చేసుకోలేక విడిపోయాం. అయినా ఇవాళ మా మండలంలో నాకంటే ఎక్కువ పరిశోధనల్లో పాల్గొన్నవాడు లేడు. ఆరోగ్యం మీద చదివే ఒకామె నా నడుము కొలిచింది. టేపును చూసి, నన్ను చూసి, నమ్మకం కుదరక మళ్లీ కొలిచింది. రోజుకు ఉప్పు ఎన్ని గ్రాములు తింటారని మా అవ్వను, అంటే కన్నతల్లినే, అడిగితే "కూరకు పట్టినంత" అంది అవ్వ. ఆ జవాబుకు కాగితంలో గడి లేదు. వ్యాపారం చదివే ఒకతను ఆటో టైర్ల మీద నా సంతృప్తి ఎంతో ఒకటి నుంచి ఐదు లోపల చెప్పమన్నాడు. "ముందు టైరుకా, వెనక టైర్లకా?" అన్నాను. పెన్ను ఆపి చాలాసేపు ఆలోచించాడు పాపం. ఫిజిక్స్ చదివే ఇంకొకతను చిన్న డబ్బా పట్టుకుని మా బట్టలుతికే బండ చుట్టూ తిరిగాడు. రాళ్లలోంచి కంటికి కనిపించని కిరణాలేవో వస్తాయట, వాటిని డబ్బా లెక్కపెడుతుందట. అందరి ఇళ్లలోనూ ఉండేవే, భయపడాల్సిందేమీ లేదని చెప్పే పోయాడు. అవ్వ మాత్రం వారం రోజులు ఆ బండ మీద బట్టలుతకలేదు.

వీళ్లంతా ఒక పూట వచ్చి, కాగితం నింపుకుని, ఛాయ్ తాగి పోయినవాళ్లు. రెండు పంటల కాలం మమ్మల్ని పట్టుకుని ఉన్నది ఒక్కతే. వ్యవసాయం చదివే అమ్మాయి. నస్పూర్ పిల్ల, తండ్రి బొగ్గుబాయిలో పనిచేస్తాడు. "భూమి లోపలి సంగతి మా బాపు చూస్తడన్నా, పై సంగతి నేను చూస్త" అని ఆటో ఎక్కిన మొదటి రోజే చెప్పింది. అప్పటిదాకా నా ఆటోలో నాకంటే ముందు జోక్ వేసినవాళ్లు లేరు. నేను కొంచెం చిన్నబోయాను.

ఆమెకు కావలసింది మక్క, అదే మొక్కజొన్న, వేసిన రైతు పొలంలో ఒక మూల. మాకున్నది ఎకరంన్నర. బాపు పోయినప్పటి నుంచి దాన్ని అవ్వ చూసుకుంటుంది, నేను ఆటో చూసుకుంటాను. ఇస్తామన్నాం. ఆమె తాళ్లు పట్టి, మేకులు కొట్టి, చిన్న చిన్న మళ్లుగా పన్నెండు చేసింది. ఒక్కోదానికి ఒక రేకు ముక్క మీద నంబరు. మూడు మళ్లకు నిండుగా యూరియా, మూడింటికి సగం, మూడింటికి సగం యూరియాతోపాటు వాళ్ల కాలేజీలో తయారుచేసిన ఏదో పొడి, మిగిలిన మూడింటికి ఏమీ లేదు. వాటిని ఆమె సున్నా మళ్లు అనేది.

అవ్వ గట్టు మీద కూర్చుని అంతా విన్నది.

"గా మూడిట్లకు ఏం పెట్టవా బిడ్డా?"

"పెట్టొద్దు పెద్దమ్మా. వాటికి పెట్టకుంటేనే మిగిలినవాటికి పెట్టింది ఎంత పనిచేసిందో ఎరుకైతది."

"అవి ఏం తప్పు చేసినయి?"

"తప్పు చెయ్యలే. చీటీలు తీసిన. వాటికి గట్ల వచ్చింది."

"చీటీలు తీసి ఉపాసం పెడతరా!" అంది అవ్వ. ఇంకేమీ అనలేదు. అనకపోవడమే నేను పట్టించుకోవలసిన సంగతి.

ఆ అమ్మాయి పోయేముందు నన్ను పక్కకు పిలిచింది. "అన్నా, నీ మీద భారం పెడుతున్న. నా చదువుకు ఇగ రెండు పంటలే మిగిలినయి. గీ వానకాలం ఒకటి, యాసంగి ఒకటి. ఒకటి చెడితే ఇంకోటి ఉంటది. రెండూ చెడితే పట్టా లేదు, ఏం లేదు. సున్నా మళ్లకు ఎవ్వలనూ చెయ్యి పెట్టనియ్యకు."

"ఫికర్ చెయ్యకు మేడం. చీమను గూడ అడిగి పంపిస్త" అన్నాను.

ఇక్కడ మా అవ్వ గురించి ఒక ముక్క చెప్పాలి. ముక్క అంటే నిజంగా ముక్కే. మా చర్చిలో ప్రేమవిందు జరిగితే వడ్డన అవ్వది. బంతిలో ఎంతమంది కూర్చున్నా మొదటివాడికి ఎన్ని మాంసం ముక్కలో చివరివాడికీ అన్నే. పాస్టరు గారి గిన్నెలో ఎంత పులుసు పడుతుందో బయట చెప్పుల దగ్గర కూర్చున్నవాడి గిన్నెలోనూ అంతే. నేను కన్నకొడుకును, పైగా ఒక్కణ్ని. ముప్పై ఏళ్లుగా ఆ బంతుల్లో కూర్చుంటున్నాను, ఒక్కసారి, ఒక్క ఎముక కూడా ఎక్కువ పడలేదు. కళ్లతో అడిగేవాణ్ని. "ముందట చూసి తిను" అని గరిటెతోనే చెప్పేది. బంతిలో కూర్చోబెట్టి ఒకరికి పెట్టి ఒకరిని విడిచిపెట్టడం అవ్వ దృష్టిలో దొంగతనం కంటే పెద్ద పాపం. అలాంటి మనిషి ముందు ఆ అమ్మాయి పన్నెండు విస్తళ్లు పరిచి, మూడింట్లో వడ్డించకుండా పోయింది.

నెల తిరిగేసరికి సున్నా మళ్లు పసుపు పచ్చగా తేలాయి. ఆ అమ్మాయి పది రోజులకొకసారి వచ్చి, ఆకుల పక్కన రంగుల పట్టీ పెట్టి చూసి, ఎత్తు కొలిచి, మురిసిపోయేది. "మస్తు పసుపుబడ్డయి అన్నా!" అని ఆమె నవ్వుతుంటే అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంట్లోకి పోయేది.

తరువాత ఆమెకు పరీక్షలు వచ్చి మూడు వారాలు రాలేదు. ఆ మూడు వారాల్లో సున్నా మళ్లు ఆకుపచ్చగా తిరిగాయి. వానలు బాగా పడ్డాయి కదా, అందుకనుకున్నాను. ఏడో తరగతి వ్యవసాయం అంతవరకే.

ఒక రోజు గిరాకీ లేక మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. అవ్వ ఇంట్లో లేదు. చేన్లోకి పోయి చూస్తే, సున్నా మడిలో నడుము వంచి, ఒళ్లో కట్టుకున్న యూరియా మొక్కమొక్కకు వేళ్లతో తీసి మొదలు దగ్గర పెడుతూ, మాట్లాడుతోంది.

"తిను. జర జర తిను. ఎవ్వలకు చెప్పకు."

"అవ్వా!"

ఉలిక్కిపడలేదు కూడా. "వచ్చినవా? అన్నం చిప్పల ఉన్నది, పెట్టుకో" అంది.

"ఏం పని చేసినవే! గా పిల్ల చదువు ఆగమైతది!"

"చదువుకునే పిల్ల, ఇంకో తీరుగ చదువుకుంటది. ఇవి ఇంకో తీరుగ ఎట్ల తింటయిరా? పక్క మడిల మొక్క తింటుంటె ఇవి చూసుకుంట నిలబడ్డయి. నాకు నిద్ర పడతలేదు."

ఆ అమ్మాయికి ఫోన్ చేయవలసింది. చేయలేదు. చేసి ఏమని చెప్పాలి? చీమను అడిగి పంపిస్తానన్నవాణ్ని, ఇంట్లో ఏనుగు తిరిగితే చూడలేదు. పిడికెడు యూరియాకు ఏమవుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆమె వచ్చి చూసింది. రంగుల పట్టీ పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. నంబరు రేకులు చూసుకుంది. "అన్నా, ఎవరన్న వచ్చిండ్రా?" అంది. "ఎవ్వలు రాలే" అన్నాను. అబద్ధం కాదు. అవ్వ ఎక్కడి నుంచీ రాలేదు, ఇంట్లోనే ఉంటుంది.

ఆ అమ్మాయి పరేషానయి వాళ్ల గైడును పిలుచుకొచ్చింది. తెల్ల టోపీ, మెడలో కళ్లద్దాల తాడు, పెద్దాయన. సున్నా మడిలో కూర్చుని మట్టి పిడికెడు తీసి నలిపాడు, వాసన చూశాడు. ఆయన ముఖం వెలిగింది. కారు చూసి ఊళ్లో రైతులు పది మంది దాకా చేరారు.

"ఈ నేలలో ఏదో ఉందమ్మా" అన్నాడు అమ్మాయితో. "ఏమీ వేయకుండానే ఇంత పచ్చగా ఉందంటే, ఈ నేల తనంతట తనే పంటను పోషిస్తోంది. దీని మీద పెద్ద పేపరు రాయొచ్చు."

వెనక నుంచి మా పక్క చేను ఆయన తల పెట్టాడు. "అయితే సారూ, మేం గూడ యూరియా బంద్ చెయ్యొచ్చా? మాదీ గిదే మట్టి."

"చూద్దాం. ఎందుకు చేయకూడదు?"

మా అవ్వ జాలికి ఊరు ఊరంతా పంట పోగొట్టుకునేటట్టుంది. చెబుదామని నోరు తెరిచాను. తెరిచిన నోట్లోంచి "ఛాయ్ తాగుతరా సారు?" అని వచ్చింది.

అవ్వ ఛాయ్ తెచ్చింది. గ్లాసులన్నింట్లో గీత గీసినట్టు ఒకే మట్టం. సారు గ్లాసు అందుకుని, "మీది బంగారం లాంటి నేలమ్మా. ఇదంతా ఈ మట్టి గొప్పతనం" అన్నాడు.

తిట్టినా ఓర్చుకునేదేమో. తన కష్టం తీసుకుపోయి మట్టికి కట్టబెట్టేసరికి అవ్వకు పట్టలేదు.

"మట్టికేం ఎరుక సారు? మన్ను లెక్క పడి ఉంటది. నేను పెట్టిన."

పక్క చేను ఆయన ఒక్కడే శబ్దం చేస్తూ ఛాయ్ జుర్రాడు. సారు చేతిలో మట్టిని మెల్లగా కింద వదిలి, టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి గట్టు మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. సంచిలోంచి నోటుబుక్కు తీసింది.

"మొక్కకు ఎంత పెట్టినవు పెద్దమ్మా?"

"మూడు వేళ్లకు వచ్చినంత. ఒకదానికి ఎక్కువ లే, ఒకదానికి తక్కువ లే."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు. ఆయితారం పెట్టలే, చర్చి రోజు పనిచెయ్య."

సారు అప్పుడు నవ్వాడు. "మన కాలేజీలో కూడా ఇంత సమానంగా వేసేవాళ్లు లేరమ్మా" అన్నాడు. వెంటనే నవ్వు ఆపేశాడు. "కానీ ఈ పంట లెక్కలోకి రాదు. ఇక యాసంగి ఒక్కటే ఉంది."

ఆ అమ్మాయి తల ఊపింది. కారెక్కేముందు నా వైపు చూసింది. "చీమ సంగతి చెప్పినవు గదన్నా" అంది, అంతే. నా జీవితంలో తిరిగి జోక్ వేయలేకపోయిన సందర్భం అదొక్కటే.

యాసంగికి బోరు అవతల ముక్క ఇచ్చాం. ఇవతలి ముక్కలో అవ్వ యూరియా ఇంకా ఉంటుందట. మళ్లీ పన్నెండు మళ్లు, మళ్లీ చీటీలు. ఈసారి అవ్వ తనంతట తనే యూరియా బస్తా చూపించి "దీన్ని నీ ఆటోల పెట్టి తాళం వెయ్యి. నా చెయ్యి నా మాట వినది" అంది. అది వెనక సీటు కింద పెట్టెలో నాతోపాటు హుజూరాబాద్ తిరిగింది. వాసనకు గిరాకీ సగం పోయింది. అవ్వ చేనుకు పోవడానికి చుట్టుదారి పట్టింది. సున్నా మళ్లు ఎదురైతే అప్పులవాణ్ని చూసినట్టు ముఖం తిప్పుకునేది.

పసుపు తేలిన వారంలో చర్చిలో లేచి నిలబడి "తిండి లేక గోసపడుతున్న ముగ్గురి కోసం ప్రార్థన చెయ్యుండ్రి" అంది. సంఘమంతా కళ్లు మూసుకుని ఆ ముగ్గురి కోసం కన్నీళ్లు పెట్టుకున్నారు. ఒకామె బియ్యం కూడా పంపిస్తానంది. నాకు భయం పట్టుకుని బయటికొచ్చి ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఈసారి దాచే ధైర్యం లేదు.

"మేడం, మా అవ్వ సున్నా మళ్లకు ప్రార్థన చేయిస్తుంది. ప్రార్థన మందు కిందికి వస్తదా?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, ఆలోచించింది.

"చెయ్యనియ్యన్నా. గని పన్నెండు మళ్లకూ సమానంగ చెయ్యమను."

అవ్వ ఆ మాట విని, ఆ పిల్ల మీద మొదటిసారి గౌరవం చూపించింది. "గిది న్యాయం" అంది. తర్వాతి ఆదివారం ప్రార్థన పన్నెండు మందికి పెరిగింది. ఊళ్లో ఇంత కరువు ఉందా అని పాస్టరు గారు నన్ను అడిగారు.

కోత రోజు ఆ అమ్మాయి తక్కెడ పట్టుకుని మడి మడికీ తూకం వేసింది. సున్నా మళ్ల కంకులు నా బొటనవేలంత ఉన్నాయి, పళ్లూడిన నోళ్లలా అక్కడక్కడా గింజలు. ఒకదాన్ని ఎత్తి పట్టుకుని ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది. "చూడన్నా, ఎంత చిన్నగున్నదో! పాసైన!"

"అది గోసపడ్డది చూసి నవ్వుతున్నవా బిడ్డా" అంది అవ్వ. మాటలో మాత్రం కోపం లేదు.

తూకాలు అయిపోయాయి. రేకులు పీకి సంచిలో వేసుకుంది, తాళ్లు చుట్టింది. చేనంతా కొయ్యకాళ్లే మిగిలాయి. అవ్వ నా ముందు చెయ్యి చాపింది. ఆటో పెట్టె తాళంచెవి అడుగుతోందని అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. ఇచ్చాను. బస్తా విప్పి, ఒడి నిండా పోసుకుని, కొయ్యకాళ్లు తప్ప ఏమీ లేని సున్నా మడిలోకి దిగింది.

"అవ్వా, కోసేసినంకనే! ఇగ అవి ఏం తింటయి?"

నా మాట లెక్కచేయలేదు. నోటుబుక్కు మూస్తున్న ఆ అమ్మాయిని అడిగింది.

"పరీక్ష అయిపాయె గదా బిడ్డా. ఇగ పెట్టొచ్చునా?"

ఆ అమ్మాయి మళ్లను చూసింది, అవ్వను చూసింది. పుస్తకం నా చేతిలో పెట్టి, చెప్పులు విడిచి మడిలోకి దిగి దోసిలి పట్టింది.

"నాకింత పొయ్యి పెద్దమ్మా. ఆ చివరి మడి నేను పెడత."

"మూడు వేళ్లకు వచ్చినంత" అంది అవ్వ. "ఎక్కువ తక్కువ చెయ్యకు."